సెపిలోక్ అడవిలో వనమానుషములు

తూర్పు సముద్రములలో బోర్నియో యను గొప్ప ద్వీపము గలదు. ప్రపంచమునందలి ద్వీపములలో వైశాల్యమున నిది మూడవది. దాని యుత్తరభాగమున మలేషియా దేశమునకు జేరిన సబా రాష్ట్రమున్నది. అచ్చటి సందకాన్ రేవుపట్టణమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున సెపిలోక్ అను నరణ్యము గలదు. ఒరాంగుటానులను జూచుటకై మేమచ్చటికి బోయితిమి. మలయా భాషలో 'ఒరాంగ్' అనగా మనిషి. 'హుతాన్' అనగా అడవి. అడవిమనిషి యని యర్థము. ఆ పేరెంత తగినదో కన్నులార జూచినగాని తెలియదు.

తల్లిని గోల్పోయిన పిల్లలను, ఇండ్లలో బంధింపబడి పెరిగినవానిని దెచ్చి, మరల నడవిలో బ్రదుకుట నేర్పుటకై 1964వ సంవత్సరమున నిచ్చట నొక శరణాలయము స్థాపింపబడినది. చుట్టును 40 చదరపు కిలోమీటర్లకు మించిన యడవి. ప్రతిదినము ఉదయము 10 గంటలకును, మధ్యాహ్నము 3 గంటలకును వానికి ఆహారము పెట్టుదురు.

లోపల నడుగిడుటకు ముందే మా సంచులను, తినుబండారములను వెలుపల నుంచుమనిరి. మన జలుబును దగ్గును వానికి సయితము అంటుకొనును. అడవి నడుమ గట్టిన కొయ్యవంతెనమీద మాటలాడక నడచితిమి. ఉక్క మిక్కుటముగా నుండెను. పనివాడొకడు గంపతో వచ్చి, చెట్టునకు గట్టిన తిన్నెపై అరటిపండ్లను, బొప్పాయిముక్కలను పరచెను. కొంతసేపు ఏమియు లేదు. పిమ్మట చెట్టునుండి చెట్టునకు గట్టిన మోకు మెల్లగా నూగెను. రాగిరంగు జుట్టుగల యొక తల్లి, ప్రక్కను గరచుకొని యున్న పిల్లతో, కాళ్లను గూడ చేతులవలెనే వాడుచు, తొందర లేక వచ్చి కూర్చుండెను. పండు నొలిచి నోట నుంచుకొనగానే పిల్ల చేయి చాచి తల్లి పెదవులనుండి ముక్కను దీసికొనెను. తల్లి విసుగుకొనలేదు. మా ప్రక్కనున్న యొక ముసలమ్మ కన్ను లొత్తుకొనెను.

ఈ జాతిలో బిడ్డ యారేడు సంవత్సరములు తల్లిని విడువదు. ఒక కాన్పునకును మరియొక కాన్పునకును ఏడెనిమిదేండ్ల యెడముండును. ఏ చెట్టెప్పుడు పండునో, ఏ కాయ తినదగినదో, సాయంకాలమున కొమ్మలను వంచి పడకగూడు నెట్లు కట్టుకొనవలయునో, సర్వమును తల్లియే నేర్పవలయును. తల్లిని జంపి పిల్లను అమ్ముకొనువారు ఒక ప్రాణమునే గాక, ఆ విద్యనంతటిని హరించుచున్నారు. శిశుశాలలో అద్దము వెనుకనుండి చూచితిమి: అనాథపిల్ల యొకటి త్రాటినుండి జారిపడి, మరల నెక్కుచుండెను.

అచ్చటి పద్ధతులలో నాకు మిగుల నచ్చినది వంటకములలో మార్పు లేకుండుట. ప్రతిదిన మొకే తీరు పండ్లు పెట్టుటచే అవి విసిగి, రుచికొరకు అడవిలో వెదకికొనవలయునని యుద్దేశము. అడవి విరివిగా పండిన కాలమున తిన్నెకడకు వచ్చునవి తక్కువ. అందులకు పనివారు సంతసింతురు. అతిథి భోజనమునకు రాకున్న సంతోషించు నింటిని నేనిదివరకు వినలేదు.

ఆ ప్రాంతమున బాటల కిరుప్రక్కల నామదల తోటలవలె పామాయిలు చెట్ల వరుసలే కానవచ్చును. ఒకప్పుడచ్చట నడవి యుండెను. ఆ నూనె మనకు దూరమైనది గాదు. మన దేశము దానిని విదేశములనుండి విస్తారముగా దెచ్చుకొనుచున్నది. మన వంటింటి బాణలిలోను, బిస్కత్తులలోను, సబ్బులలోను అది యున్నది. చెట్టుది దోషము గాదు. ఎకరమునకు అంత నూనె నిచ్చు పైరు వేరొకటి లేదు. మన గోదావరి ప్రాంతపు రైతులును దానిని పెంచుచున్నారు. అడవిని గొట్టి నాటుటయే కీడు. ఒరాంగుటానులలో మూడు జాతులు గలవు. మూడవదానిని శాస్త్రజ్ఞులు 2017లో మాత్రమే వేరుజాతిగా గుర్తించిరి. మూడును నేడు నశించు దశలో నున్నవి. ఇల్లాండ్రు నూనెను పొదుపుగా వాడుటయు, అడవిని గొట్టక పండించిన సరకేదో విచారించుటయు వ్యర్థముగాదు.

సోదరీమణులలో నెవరైన నచ్చటికి బోయినచో, పిల్లల చేతులలోని తినుబండారములను ముందే వెలుపల నుంచుడు, మౌనముగా నిలువుడు. ఒకవేళ తిన్నెమీదికి ఒక్కటియు రాకున్నను చింతింపవలదు. ఆనాడు అడవి తన బిడ్డలకు దానే కడుపునిండ బెట్టినదని యెరుగునది.