కెమెరా సంచి కబుర్లు

కెమెరా కొనడం ఒక ఎత్తు, దానికి సంచి కొనడం ఒక ఎత్తు. నవ్వకండి. కెమెరా కోసం తెలిసినవాళ్లందరినీ అడుగుతాం, నెలల తరబడి వీడియోలు చూస్తాం. సంచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపువాడు ఊరికే ఇచ్చినదాన్ని భుజాన వేసుకుని వచ్చేస్తాం. తీరా చూస్తే, కెమెరా మనతో ఊరు తిరుగుతుందా, బీరువాలో పడుంటుందా అన్నది తేల్చేది ఆ సంచే.

నన్నడిగితే చిన్నదే కొనమంటాను. "రేపు ఇంకో లెన్సు కొంటేనో?" అంటారు, నాకు తెలుసు. జాగా కనబడితే మన చెయ్యి ఊరుకోదండీ! ఛార్జరు, ఫ్లాషు, గొడుగు, నీళ్ల సీసా, చివరికి పిల్లల బిస్కెట్ ప్యాకెట్టూ అందులోకే చేరతాయి. గోల్కొండ మెట్లు సగం ఎక్కేసరికి భుజం లాగేస్తుంది. మరుసటి ప్రయాణానికి "ఫోను చాల్లే" అనేస్తాం. ఒక కెమెరా, దానికి బిగించిన లెన్సు, పక్కన ఇంకో చిన్న లెన్సు పడితే రోజంతా తిరగడానికి ధారాళంగా సరిపోతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు కెమెరాను లెన్సుతో సహా పట్టుకెళ్లండి. చీటీ మీద వేసే కొలత ఒక్కోసారి బయటిదై ఉంటుంది. రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు స్పాంజి ఉందంటే లోపల రెండు సెంటీమీటర్లు పోయినట్టే. లెన్సు కిందికి, పిడి పైకి వచ్చేలా పెట్టి చూడండి. చెయ్యి పెట్టగానే పిడి దొరకాలి.

ఇక మెత్త సంగతి. అన్ని వైపులా దిండులా ఉబ్బిన సంచిని చూసి మురిసిపోకండి. అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి. అవతలి వైపు వేలు తగిలిందంటే అది పనికిరాదు. బస్సులో కింద పెట్టేదీ, రాతిగట్టు మీద దించేదీ మనమే కదా, దెబ్బంతా అడుగుకే. పక్కల మెత్త తక్కువైనా ఫరవాలేదు. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డొమ్కీ 1970లలో తన పని కోసం కాన్వాసు సంచి ఒకటి తయారుచేసుకున్నాడు. మెత్త తక్కువ, ఒంటికి అతుక్కుని ఉంటుంది, చెయ్యి చటుక్కున లోపలికి పోతుంది. తోటి ఫొటోగ్రాఫర్లు మాకూ కావాలన్నారు, చివరికి అదే వ్యాపారమైంది. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ అనే సంచుల కంపెనీ కథ ఇంకా తమాషా. 1973లో వాళ్లు మొదలుపెట్టింది చేపలు పట్టేవాళ్ల సంచులతో. వాటిని న్యూయార్కు ఫొటోగ్రాఫర్లు కెమెరాల కోసం కొంటున్నారని తర్వాత తెలిసింది. నీళ్లకు తట్టుకునే గుడ్డ, చప్పున తెరుచుకునే మూత, ఇద్దరికీ కావలసింది అదే మరి.

మూతకు వెల్క్రో ఉంటే ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని లాగి చూడండి. సంగీత కచేరీలో ఆలాపన మంద్రంలో ఉండగా "టర్ర్" మన్నదంటే ముందు వరసంతా వెనక్కి తిరిగి చూస్తుంది. జిప్పో, బకిలో ఉన్నది మేలు. లోపలి గుడ్డ బూడిదరంగో, పసుపో అయితే ఇంకా మంచిది. నల్ల గుడ్డలో నల్ల లెన్సుమూత పడితే దొరకబుచ్చుకోవడం గగనం.

పట్టీ వెడల్పుగా ఉండాలి, అడ్డంగా వేసుకునేంత పొడవుండాలి. బండి మీద వెళ్లేటప్పుడు సంచి ఊగకుండా ఉండేది అలా వేసుకుంటేనే. విమానమెక్కేవాళ్లు విడి బ్యాటరీలను కూడా ఇందులోనే పెట్టుకోండి. లిథియం బ్యాటరీలు విడిగా ఉంటే లగేజీలో వేయనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి.

ఇంటికొచ్చాక మాత్రం కెమెరాను సంచిలోనే వదిలేయకండి. స్పాంజి తేమ పట్టి ఉంచుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో లెన్సు అద్దానికి ఫంగస్ పట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టుకోండి.

అందం సంగతి అంటారా? కంపెనీ పేరు అంతంత అక్షరాలతో మెరిసే సంచి, లోపల ఖరీదైన సరుకుందని దొంగకు దండోరా వేస్తుంది. రైల్లో పక్క సీటు పెద్దాయన మీ సంచి వంక చూసి "భోజనం తెచ్చుకున్నారా బాబూ?" అని అడిగితే, మీరు మంచి సంచే కొన్నారన్నమాట.