అరచేతిలో ఎరుపంతా గోరింటాకేనా?

పొద్దున్నే లేవగానే అరచేతులు చూసుకుని దణ్ణం పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దణ్ణమైతే పెడతాం గానీ, ఆ చేతులను నిజంగా చూస్తామా? ఇవాళ ఒక్క నిమిషం పని పక్కన పెట్టి, తడి తుడుచుకుని, కిటికీ దగ్గర వెలుతురులో రెండు అరచేతులూ చాపి చూసుకోండి. రంగు ఎలా ఉంది? అన్నిచోట్లా ఒకేలా ఉందా? ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడి ఎందుకంటారా? చెబుతాను.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మా కాపురం పాతబస్తీలోనే, శాలిబండలో. ఇక్కడ ఆడవాళ్ళ అరచేతులు ఏడాదిలో సగం రోజులు ఎర్రగానే ఉంటాయి. ఆషాఢం వచ్చిందంటే గోరింటాకు రుబ్బని ఇల్లుండదు. లాల్ దర్వాజా బోనాల నాటికి ప్రతి చెయ్యీ పండిపోయి ఉంటుంది. రంజాను నెల ముగిసి చాంద్ రాత్ వచ్చిందా, లాడ్ బజార్ వీధంతా మెహందీ కోన్లే. పెళ్ళిళ్ళ సంగతి సరేసరి. బాగా పండితే మంచి మొగుడొస్తాడనీ, మరీ పండితే ఒంట్లో వేడి ఉందనీ చెప్పుకుని నవ్వుకుంటాం. కాబట్టి మా దగ్గర ఎర్రటి అరచెయ్యి చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. చిక్కంతా అక్కడే వచ్చింది. మనం పూసిన ఎరుపు కింద ఇంకో ఎరుపు చేరినా కనిపెట్టేవాళ్ళుండరు.

మా పక్కింటి ఆపా సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. ఆమె లక్కగాజులు చేస్తుంది. మన లాడ్ బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లలో చదివే ఉంటారు. ఆ గాజు తయారవడం చూశారా ఎప్పుడైనా? బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, వేడివేడిగా ఉండగానే సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఒక్కొక్క నగీనా అతకాలి. నిప్పు ముందు గంటల తరబడి కూర్చునే పని. ఆమె చేతులు ఎర్రగా ఉన్నాయంటే ఎవరైనా ఏమనుకుంటారు? 

"ఏం లేదు బేటీ, నిప్పు పని కదా!" అనేది తనే. మా అత్తగారేమో "వేడి చేసిందమ్మా, సబ్జాగింజలు నానబెట్టుకుని తాగు" అనేవారు. ఇంకొకావిడ "అదృష్టజాతకురాలివి, లక్ష్మీ హస్తం" అని మెచ్చుకుంది. ఆపా నవ్వేసి ఊరుకునేది.

2019లో రంజాను పండగ అయ్యాక పని తగ్గి పది పన్నెండు రోజులు కుంపటి వెలిగించలేదు. చేతి మీది బొబ్బలు మానాయి, గరుకుదనం పోయింది. ఎరుపు మాత్రం అలాగే ఉంది. బొటనవేలి కింద ఎత్తుగా ఉండే కండ దగ్గరా, చిటికెనవేలి వైపు అంచునా బాగా ఎరుపు. అరచేతి నడిమధ్య మాత్రం మామూలు రంగు. దురద లేదు, మంట లేదు, పొట్టు రాలడం లేదు. పైగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, అన్నం సయించకపోవడం. పెద్దమ్మాయి పట్టుబట్టి ఉస్మానియా దవాఖానాకు తీసుకెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను.

అక్కడ చర్మం డాక్టరమ్మ ఆపా చెయ్యి పట్టుకుని, ఎర్రటి చోట బొటనవేలితో నొక్కి వదిలింది. నొక్కగానే తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడింది. తరువాత మెడా, ఛాతీ పైభాగమూ చూసింది. సన్నని ఎర్రటి చుక్క, దాని నుంచి సాలెపురుగు కాళ్ళలా చీలిన నరాలు రెండు మూడు చోట్ల ఉన్నాయి. చేతికి ట్యూబు రాసిస్తుందనుకున్నాం. ఆవిడ రాసిచ్చింది రక్తపరీక్షలు! "ఇది చర్మం జబ్బు కాదమ్మా, లోపలి సంగతి చర్మం చెబుతోంది" అంది.

ఆ మాట విన్నాక నేను ఈ విషయం గురించి అడిగీ, చదివీ చాలా తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అరచేతి ఎరుపు మూడు రకాలుగా వస్తుంది. మొదటిది మనం పెట్టుకున్నది. గోరింటాకు రంగు చర్మం పైపొరలో అంటుకుంటుంది, రెండు మూడు వారాల్లో పొరతోపాటే పోతుంది. ఒక గాజుగ్లాసు తీసుకుని అరచేతికి అదిమి, అందులోంచి చూడండి. గోరింటాకు రంగైతే కదలదు. రక్తనాళాల ఎరుపైతే అదిమినప్పుడు వెలిసిపోయి, తీయగానే తిరిగొస్తుంది. గోరింటాకు గురించే ఇంకో మాట. అసలైన ఆకు నల్లగా పండదు. పెట్టిన అరగంటకే నల్లగా పండే కోన్లలో చాలాసార్లు పీపీడీ అనే జుట్టురంగు రసాయనం ఉంటుంది. దానితో బొబ్బలు రావచ్చు. ఒకసారి పడలేదంటే తరువాత జుట్టుకు వేసే రంగు కూడా జన్మలో పడకపోవచ్చు. పిల్లల చేతులకు అస్సలు పెట్టకండి.

రెండోది మనం చేసే పని తెచ్చిపెట్టేది. అంట్ల సబ్బు, బట్టల పౌడరు, బ్లీచింగు, ఫినాయిలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, రోజుకు ఇరవైసార్లు తడవడం... చర్మంలోని జిడ్డంతా పోయి, ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు రాలి, పగుళ్ళిస్తుంది. దీన్ని ఎగ్జిమా అంటారు. ఇది నిజంగా చర్మానికి సంబంధించిందే. అంట్లు తోమేముందు ఉంగరాలు తీసేయండి, వాటి కింద సబ్బు నిలిచి పుండు చేస్తుంది. లోపల నూలు గ్లవ్సు, పైన రబ్బరు గ్లవ్సు వేసుకోండి. చేయి తడిసిన ప్రతిసారీ తుడుచుకుని కొబ్బరినూనో వాజలీనో రాయండి. కారం మంటకు ముందు నూనె రుద్ది, తరువాత సబ్బుతో కడగండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబులు మాత్రం వద్దు సుమా! నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది.

ఇక మూడోది లోపలి నుంచి వచ్చేది. డాక్టర్లు పామర్ ఎరిథీమా అంటారు. రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. దురద, నొప్పి ఉండవు, కాస్త వెచ్చగా ఉంటుందంతే. అరికాళ్ళకూ రావచ్చు. అరచేతిలోని సన్నని రక్తనాళాలు వెడల్పయి రక్తం ఎక్కువగా చేరడం వల్ల ఈ రంగు వస్తుంది. ఆడవాళ్ళ హార్మోను ఈస్ట్రోజన్ ఎక్కువైతే ఈ నాళాలు విప్పారతాయని చెబుతారు. మన ఒంట్లో ఆ హార్మోనును ఎప్పటికప్పుడు విరగ్గొట్టి బయటికి పంపేది లివరు. లివరు గట్టిపడిపోతే ఆ పని మందగిస్తుంది. సిర్రోసిస్ వచ్చినవాళ్ళలో సుమారు నాలుగోవంతు మందికి అరచేతులు ఎర్రబడతాయట. మగవాళ్ళకూ అంతే. ఇంట్లో తాగే అలవాటున్న మగవాళ్ళుంటే వాళ్ళ చేతులు కూడా ఒకసారి చూడండి.

అలాగని ఎరుపు కనబడగానే కంగారు పడకండి. కొందరికి వంశపారంపర్యంగా చిన్నప్పటి నుంచే ఉంటుంది, ఏ జబ్బూ ఉండదు. 1929లో లేన్ అనే వైద్యుడు అలాంటి కుటుంబాల గురించి రాశాడు. థైరాయిడు ఎక్కువైనా రావచ్చు. అప్పుడు గుండెదడ, చేతులు వణకడం, బాగా తింటున్నా చిక్కిపోవడం తోడుంటాయి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకూ వస్తుంది. పొద్దున లేచాక గంటసేపు వేళ్ళు బిగుసుకుపోయి ఉంటే ఆ అనుమానం పెట్టుకోవాలి. క్యాన్సరు మందులు వాడుతున్నవాళ్ళకు అరచేతులు ఎర్రబడి మంట పుడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ డాక్టరుకే చెప్పాలి.

కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఎరుపు మామూలే. విదేశీ లెక్కల్లో నూటికి 30 మంది గర్భిణులకు వస్తుందంటారు. మన చామనఛాయ చేతుల్లో అంత తేలిగ్గా కనబడదు. కాన్పయ్యాక దానంతటదే తగ్గిపోతుంది. కానీ ఏడో నెల దాటాక అరచేతులూ అరికాళ్ళూ పైకి ఏమీ కనబడకుండానే విపరీతంగా దురదపెడుతూ, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వకపోతే? "బిడ్డకు జుట్టొస్తోందిలే" అని నూనె రాసి ఊరుకోకూడదు. లివరు నుంచి పైత్యరసం సరిగా దిగక రక్తంలో కలిసినప్పుడు ఇలా జరుగుతుంది. కడుపులో బిడ్డకు ప్రమాదం. మర్నాడే పేట్లబురుజు ఆసుపత్రికో, మీరు చూపించుకునే డాక్టరు దగ్గరికో వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి.

మళ్ళీ ఆపా దగ్గరికి వద్దాం. పరీక్షల్లో హెపటైటిస్ సి అని తేలింది. ఆమెకు సిగరెట్టు, తాగుడు మాట అటుంచండి, పాన్ అలవాటు కూడా లేదు. మరి ఎలా వచ్చింది? మూడో కాన్పులో రక్తస్రావమై రక్తం ఎక్కించారు. అది 1990ల నాటి మాట. మన దేశంలో దానమిచ్చిన రక్తానికి ఈ క్రిమి పరీక్ష 2001లో తప్పనిసరి అయింది. ఆ రక్తంతోనే వచ్చి ఉంటుందని డాక్టర్లన్నారు. పాతికేళ్ళు ఆ క్రిమి నోరెత్తకుండా లివరును తినేసింది. మధ్యలో ఒకసారి కళ్ళు పచ్చబడితే పసరు మందు పోయించుకుని తగ్గిపోయిందనుకుందట.

ఆపా ఏడ్చింది చేతుల కోసం కాదు, ఇంట్లో ఇంకెవరికైనా అంటించానేమోనని. కలిసి తింటే, ముట్టుకుంటే అంటుకోదని డాక్టరు రెండుసార్లు చెబితే గానీ ఊరట పడలేదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ జబ్బుకు పరీక్షలూ మందులూ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. రోజుకో మాత్ర, మూడు నెలలు. ఆ తరువాత ఇంకో మూడు నెలలకు పరీక్ష చేస్తే క్రిమి లేదు! అయితే పాడైన లివరు పూర్తిగా పాతరూపానికి రాలేదు. ఆరు నెలలకోసారి స్కానింగు చేయించుకోవాలి. ఎరుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ లక్ష్మీ హస్తాన్ని పదేళ్ళ ముందే ఎవరైనా నొక్కి చూసి ఉంటే లివరు ఇంకా బాగుండేది కదా అనిపిస్తుంది నాకు.

హెపటైటిస్ సి కి టీకా లేదు. బి కి ఉంది. దాన్ని మనదేశంలో మొదట జన్యు పద్ధతిలో తయారుచేసింది మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారే, 1997లో. పుట్టిన 24 గంటల్లో బిడ్డకు మొదటి మోతాదు వేయించాలి. కోడలి కాన్పప్పుడు, కూతురి కాన్పప్పుడు అడిగి మరీ వేయించండి.

చివరగా, డాక్టరు దగ్గరికి వెళ్ళే పనుంటే ఆ నెల గోరింటాకు పెట్టుకోకండి. చెయ్యి అసలు రంగు, గోళ్ళ పాలిపోవడం, పచ్చదనం అన్నీ దాని కింద దాగిపోతాయి. పని మానేసిన వారం పది రోజులకీ ఎరుపు తగ్గకపోతే, రెండు చేతులకూ ఒకేలా ఉంటే, తోడుగా నీరసం, కాళ్ళవాపు, కళ్ళు పచ్చబడటం, దడ, కీళ్ళనొప్పులు ఏవైనా ఉంటే ట్యూబులతో కాలక్షేపం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి. అరచేతులు చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు, తెల్లవారి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇంకో అర నిమిషం. మీవి అయ్యాక, చూపు మందగించిన మీ అత్తగారివీ అమ్మవీ కూడా చూడండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, ఏమంటారు?