ఖలియా, కణం, సెల్

మా ఆపా బిడ్డ ఈ జూన్‌లో ఇంటర్ బైపీసీలో చేరింది. పదో తరగతి దాకా సర్కారీ ఉర్దూ మీడియం. ఇప్పుడు చేతిలో ఇటుకంత లావు ఇంగ్లీషు కితాబు. మొదటి వారంలోనే ఓ లెక్చరర్ అందరి ముందూ "ఉర్దూ మీడియం నుంచి వచ్చి బైపీసీ ఎందుకమ్మా, సీఈసీ తీసుకోరాదూ" అన్నాడట. పిల్ల ఇంటికొచ్చి పుస్తకం పక్కకు పడేసింది. దూల్హాభాయ్‌ది కూడా అదే రాయ్. గ్రూపు మార్చుకోవడానికి నెల రోజుల మోహ్లత్ ఉంది. "నాలుగు ఇత్వార్లు చెప్పి చూడు భయ్యా, సమజ్ కాకుంటే మారుస్తం" అని ఆపా నాకు ఫోన్ చేసింది.

నేను సైన్స్ టీచర్నే. కాని తెలుగు మీడియం వాణ్ని. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివిందీ రాసేదీ తెలుగు. మా నల్గొండ వైపు ఇది ఇంటింటి కహానీ. అందుకే మొదటి ఇత్వార్ మా ఇద్దరికీ అజీబ్‌గా గడిచింది. నేను 'కణం' అంటే అది ఇసుక రేణువనుకుంది. అది 'ఖలియా' అంటే నేను బిక్కమొహం వేశాను. మధ్యలో కితాబు 'సెల్' అంటోంది. నేను 'పరమాణువు' అంటే అది 'జౌహర్' అంది, 'అణువు' అంటే 'సాలిమా' అంది. ఇంత చక్కటి లఫ్జులు మా ఇంటి భాషలో ఉన్నాయని నాకు నలభై ఏళ్లొచ్చాక భాంజీ చెబితే తెలిసింది. హైదరాబాద్‌లో 1917లో దారుత్తర్జుమా పెట్టి, ఉస్మానియాలో పై చదువులన్నీ ఉర్దూలో చెప్పడానికి ఇలాంటి లఫ్జులు వేలకొద్దీ తయారు చేశారు. ఆ మెహనత్ ఎవరిదో, ఆ లఫ్జుల వల్ల ఒక పిల్ల క్లాసులో తల దించుకోవాల్సి రావడమేమిటో!

సరే, పేర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు చీజ్ ఏమిటో చూద్దామన్నాను.

మనిషి ఒళ్లు వేటితో తయారైంది? బరువు లెక్కన వందలో 96 వంతులు నాలుగే మూలకాలు: ఆక్సిజన్ 65, కార్బన్ 18, హైడ్రోజన్ 10, నైట్రోజన్ 3. మిగిలిన నాలుగు వంతుల్లో కాల్షియం, ఫాస్ఫరస్, నమక్ లోని సోడియం, రక్తంలోని ఇనుము వగైరా. "బస్, ఇంతేనా మామూ?" అంది. ఇంతే. రాజుకైనా ఫకీరుకైనా ఇదే సామాను. ఫరక్ అంతా ఎవరి చేయి ఎవరు పట్టుకున్నారన్న దాంట్లో ఉంది. కార్బన్‌కు నాలుగు చేతులు. అందుకే అది గొలుసులు కడుతుంది, వలయాలు అల్లుతుంది. చక్కెర, నెయ్యి, మాంసం అన్నిటికీ దస్తా అదే.

నీళ్ల గురించి అమ్మీ సురాహీ దగ్గర కూర్చుని చెప్పుకున్నాం. నీటి సాలిమాలో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. అందుకని ఒక సాలిమా పక్కదాన్ని లాగి పట్టుకుంటుంది. ఆ పట్టు విడిపించుకుని ఆవిరై పోవాలంటే వేడి ఖర్చవుతుంది. సురాహీ మట్టి సందుల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఎగిరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మన చెమట చేసేదీ అదే పని.

సాలన్ మీద తేలే తరీ ఎందుకు నీళ్లలో కలవదు? నూనెకు అలాంటి ఆవేశాల్లేవు. నీళ్లు తమలో తాము చేతులు కలుపుకుని నూనెను బయటికి నెట్టేస్తాయి. ఖలియా చుట్టూ ఉన్న పొర ఈ గొడవ మీదే నిలబడింది. ఆ పొరలోని కొవ్వు సాలిమాలకు తల నీళ్లంటే ఇష్టపడుతుంది, రెండు తోకలూ నీళ్లంటే పారిపోతాయి. తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టి రెండు వరుసలు నిలబడితే అదే పొర. ఎవరూ కుట్టనక్కర్లేదు. నాకు పాతికేళ్లుగా చెబుతున్నా ఇంకా హైరానీగా ఉండే సంగతి ఇదొక్కటి.

ఆ పొర ఏం చేస్తుందో మాత్రం పిల్లే తేల్చింది. షీర్ ఖుర్మా కోసం దాచిన కిష్మిష్ గుప్పెడు తీసుకుని సగం మంచినీళ్లలో వేసింది. పొద్దున్నకు ఉబ్బి గుండ్రంగా అయ్యాయి. ఉబ్బినవాటిని తీసి చిక్కటి చాష్నీలో వేస్తే సాయంత్రానికి మళ్లీ ముడతలు పడ్డాయి. నీళ్లు ఎటు చక్కెర ఎక్కువుంటే అటు నడిచాయి. "మరి ఆమ్‌కా అచార్‌లో ఉప్పు వేస్తే ముక్కల్లోంచి నీళ్లు ఊరేది ఇందుకేనా?" అని అదే అడిగింది. ఔను. అచార్ మీద వాలిన సూక్ష్మజీవుల ఒంట్లోని నీళ్లనూ ఉప్పు అలాగే లాగేస్తుంది, అందుకే అది ఏడాది నిల్వ ఉంటుంది.

సెల్ అన్న పేరు రాబర్ట్ హుక్ పెట్టింది. 1665లో బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే ఖాళీ గదులు కనిపించాయి. లాటిన్‌లో దాని అర్థం చిన్న గది, మన హుజ్రా లాంటిది. ఖలియా అంటే అరబ్బీలో తేనెపట్టు. నిజం చెప్పాలంటే మన 'కణం' కన్నా ఆ రెండూ నయం. కణం అంటే లోపల ఏమీ లేని నలుసులా వినిపిస్తుంది.

మూడో ఇత్వార్ ఖమీర్. ఖమీరీ రోటీకి మైదా కలిపి మూతపెట్టి, గంటన్నర తర్వాత తీస్తే రెండింతలైంది. లోపల ఈస్టు ఖలియాలు చక్కెరను విరిచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదిలాయి. ఆ పని చేయించే ప్రోటీన్‌ను ఉర్దూలో 'ఖామ్రా' అంటారని భాంజీ చెప్పింది. ఖమీర్, ఖామ్రా ఒకే జడలోంచి వచ్చాయి. ఎంజైమ్ అన్న మాటకు గ్రీకు మూలం చూస్తే 'ఖమీర్ లోపల' అని. తెలుగు అకాడమీ పుస్తకాల 'కిణ్వం' సంస్కృతంలో పులియబెట్టే పదార్థం. అంటే మూడు జబాన్లూ పిండి గిన్నె దగ్గరికే వెళ్లి పేరు తెచ్చుకున్నాయి. పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆక్సిజన్ లేకుండా ఈస్టు ఒక గ్లూకోజ్ విరిస్తే మిగిలేది రెండే ఏటీపీలు. ఆక్సిజన్ ఉంటే, మైటోకాండ్రియా సాయంతో, 30 నుంచి 32. పాత కితాబుల్లో 36, 38 అని ఉంటుంది, కొత్త హిసాబ్ తక్కువ తేలింది. ఏటీపీ అంటే చిల్లర పైసలు. నెయ్యి, అన్నం పెద్ద నోట్లు, వాటితో ఖలియా దుకాణంలో ఏదీ కొనలేం, చిల్లర కావాలి. మూడు ఫాస్ఫేట్లలో చివరిది ఊడినప్పుడు పని జరుగుతుంది, మళ్లీ అతికిస్తే చిల్లర తయార్. ఏ ఘడియకు చూసినా ఒంట్లో ఉండేది కొంచెమే. కాని తిరిగి తిరిగి తయారవుతూ, రోజంతటిది కూడితే దాదాపు మనిషి బరువంత అవుతుంది.

ఇక్కడ పుస్తకం మూసి ఒక మనిషి గురించి చెప్పాను. 1929లో ఈ ఏటీపీని కండరాల్లోంచి బయటికి తీసినవాళ్లు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావుది భీమవరం, పుట్టింది 1895లో. మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్ఎమ్ఎస్‌తో సరిపెట్టారు. 1923లో అమెరికా వెళ్లి, 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతికి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరే. కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్ల వస్తుందని అప్పటి పెద్దలు నమ్మేవాళ్లు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ చూపించి వీళ్లు ఆ నమ్మకాన్ని కదిలించారు. హార్వర్డ్ ఆయనకు పక్కా నౌకరీ ఇవ్వలేదు. 1948లో, 53 ఏళ్లకే పోయాడు. భాంజీకి ఇందులో గుర్తుండిపోయింది మాత్రం ఫాస్ఫరస్ కాదు. "మూడోసారికా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ తర్వాతి వారం ముహర్రం. అమ్మీకి షుగర్ మొదలై పన్నెండేళ్లు. తొమ్మిది, పది తారీఖుల రోజాలు పెడతానని కూర్చుంది. "నా ఖూన్ నిండా చక్కెరే ఉందంటున్నరు గదా, ఒకపూట తినకపోతే తగ్గుతది, మంచిదే గదా" అని అమ్మీ వాదన. నేను నోరు తెరిచేలోగా పిల్ల అందుకుంది. "నానీ, చక్కెర గల్లీలో ఉంది, ఇంట్లోకి రాలే. కండరాల ఖలియాల దర్వాజా తీసేది ఇన్సులిన్. నీకు అది సరిగ్గా పనిచేయట్లే. అందుకే బయట చక్కెర, లోపల భూక్. నువ్వు వేసుకునే గోళీ క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పిస్తది. నువ్వు తిన్నవా లేదా అని అది చూడదు. నువ్వు రోజాలో ఉంటే గల్లీ కూడా ఖాళీ అయితది. అప్పుడు దిమాగ్‌కు చక్కెర అందక కళ్లు తిరిగి పడిపోతవ్."

కాలేయంలో వంద గ్రాముల వరకు చక్కెర నిల్వ ఉంటుందని, మామూలు మనిషి రోజా దాని మీదా కొవ్వు మీదా నడుస్తుందని, ఈ గోళీ వేసుకునేవాళ్ల హిసాబ్ వేరని కూడా చెప్పింది. నేను చెప్పని ఉపమానాలు, నేను వాడని లఫ్జులు. అమ్మీకి పన్నెండేళ్లుగా డాక్టర్లు తెలుగులో, ఇంగ్లీషులో చెప్పారు. తన జబాన్‌లో ఎవరూ చెప్పలేదు.

అమ్మీ వెంటనే ఒప్పుకోలేదు, ఆమె ఎప్పుడు ఒప్పుకుంది గనక. "డాక్టర్‌ను అడుగుదాం పద" అని మాత్రం లేచింది. ఆయన గోళీ పేరు చూసి, దాంతో రోజా వద్దన్నాడు. రమ్‌జాన్ రెండు నెలలుండగా రమ్మన్నాడు, గోళీ మార్చి చూద్దామన్నాడు. బీమార్లకు మాఫీ ఉందని, ఇవి నఫిల్ రోజాలేనని మా అమ్మీకి తెలియనిది కాదు. ఆ రెండు రోజులూ ఇఫ్తార్ వేళకు మా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఖజూర్ గింజలు తీసి మాకు అందించింది.

గ్రూపు మార్పు కాగితం మీద దూల్హాభాయ్ దస్తఖత్ చేసి ఉంచాడు. భాంజీ చేయలేదు. తారీఖు దాటిపోయింది. లెక్చరర్ మారలేదు, కితాబు ఇంకా ఇంగ్లీషులోనే ఉంది, మొదటి టెస్టులో 25కు 11 వచ్చాయి. ఇప్పుడు జియాయీ తాలీఫ్ మొదలైంది, అదే కిరణజన్య సంయోగక్రియ. గరాటు కింద నీటిమొక్క పెట్టి బుడగలు చూసే ప్రయోగానికి హైడ్రిల్లా కావాలట. చెరువు కట్ట దగ్గర దొరుకుతుంది, ఇత్వార్ పొద్దున్నే వెళ్లాలి.