వెనక మెట్లు ఎక్కడున్నాయి?

క్లయిమాక్స్‌లో గోడౌన్ అంటుకుంటుంది. హీరో అద్దాలు పగలగొట్టుకుని దూకి, హీరోయిన్ని భుజాన వేసుకుని మంటల్లోంచి నడిచొస్తాడు. చొక్కా కాలర్ కూడా మాడదు! మనం ఈల వేస్తాం. నేనూ చాలాసార్లు వేశాను. అసలు నిప్పు అలా ఉండదని నాకు కరీంనగర్‌లో తెలిసింది.

2023లో 'బలగం' వచ్చాక, ఆ సినిమా తీసిన సిరిసిల్ల వైపు పల్లెలు చూసి నాలుగు ముక్కలు రాద్దామని ఆ చలికాలంలో బయల్దేరాను. ఫ్రీలాన్స్ వాడికి స్టార్ హోటళ్ళెక్కడివి? కరీంనగర్‌లో ఓ మూడంతస్తుల లాడ్జిలో పై గది చవగ్గా దొరికింది.

రాత్రి ఒంటిగంటకు దగ్గుతో మెలకువొచ్చింది. కరెంటు లేదు. తలుపు తీస్తే వరండా లేదు... పొగ! మంట మాత్రం ఎక్కడా కనిపించలేదు. కింద మెట్ల పక్కనున్న ఇన్వర్టర్ వైరు కాలి, అక్కడే పేర్చిన పాత పరుపుల దూది రాజుకుందని తరవాత తెలిసింది. మేం ఎక్కిన మెట్లే పొగగొట్టమైపోయాయి.

వరండా చివర ఇంకో తలుపున్నట్టు గుర్తు. గోడ తడుముకుంటూ వెళ్ళాను. తాళం! సినిమాలోలాగా భుజంతో ఢీకొట్టాను. భుజమే వాచింది. కిందినుంచి వాచ్‌మన్ కాకా కేకేశాడు: "గాబరా పడకుండ్రి సార్! ఆ తాళంచెవి సేటు ఇంట్ల ఉన్నది!"

ఇంకేం చేస్తాను? వంగుకుంటూ గదిలోకొచ్చి, తువ్వాలు తడిపి తలుపు కింద కుక్కి, కిటికీ ఊచల్లోంచి ముక్కు బయటపెట్టి నిలబడ్డాను. పక్కగదిలో ఎవరో చంటిపిల్ల ఏడుపు. కాసేపటికి అది ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. (పిల్ల బతికింది. తల్లి తడిగుడ్డ చుట్టి కిటికీ దగ్గర పడుకోబెట్టిందట.) కాకా బకెట్లతో ఇసక పోసి, రాజుకున్న పరుపులను వీధిలోకి ఈడ్చేశాడు. తెల్లారి చూస్తే ఆయన రెండు చేతులూ బొబ్బలు.

మాది అదృష్టం. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పు రేగి, పైనున్న లాడ్జిలోకి పొగ ఎక్కింది. దిగడానికి ఒక్కటే మెట్లదారి. కొందరు పైపులు పట్టుకు దిగారు, కొందరు దూకారు. 8 మంది పోయారు, ఎక్కువగా ఊపిరాడకే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 'బోర్డర్' ఆడుతుండగా జరిగిందీ అంతే. కింద పార్కింగులో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది, పొగ బాల్కనీకి చేరింది. అదనంగా వేసుకున్న సీట్లు నడవాను మూసేశాయి. 59 మంది! ఎర్ర 'ఎగ్జిట్' బల్బు కళ్ళల్లో పడుతోందని హాల్లో విసుక్కునే మనం, లాడ్జిలో అది లేదని మాత్రం ఎప్పుడూ అడగం.

వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే ఫైర్ శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. చిన్న లాడ్జి ఆ లెక్కకు అందదు. కాబట్టి లెక్క మనమే చూసుకోవాలి. గదినుంచి మెట్లకు ఎన్ని తలుపులో పడుకునేముందే లెక్కపెట్టుకోండి, చీకట్లో చేతులకు అదే ఆధారం. పొగలో నిలబడొద్దు, పాకండి, నేల దగ్గరే కాస్త గాలి ఉంటుంది. లిఫ్టు జోలికి పోవద్దు. ఫోను 101.

రెండ్రోజుల తరవాత కుంటాల జలపాతం చూద్దామని ఆదిలాబాద్ చేరాను. చలి ఎముకలు కొరుకుతోంది. అక్కడి లాడ్జిలో గదికో బకెట్టు, అందులో వేణ్ణీళ్ళకు కరెంటు రాడ్డు. నా గుండె గుభేలుమంది.

"వెనక మెట్లున్నయా తమ్మీ?" అన్నాను.

కౌంటర్ కుర్రాడు నన్నూ నా బ్యాగునూ ఎగాదిగా చూశాడు. "ఎందుకు సార్, బిల్లు కట్టకుండ పోతరా?"

రెండ్రోజుల కిరాయి ముందే తీసుకుని, అప్పుడు తాళంచెవి పట్టుకుని లేచాడు.