వేట వేళలో అడవి బాట



మన భీమవరము ప్రాంతములో వేట అంటే చేపల వేటే. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రములో మరపడవల వేట నిషేధము గనుక, ఆ దినములలో తీర గ్రామములలో పడవలు ఒడ్డున ఉంటాయి. అయితే డెల్టాకు ఎగువనున్న మన్యములో అడవి వేట ఆచారము ఆ వేసవిలోనే వస్తుంది. కోయలు, కొండరెడ్లు విత్తనములు చల్లకముందు భూమి పండుగ చేసుకొంటారు. మగవారు విల్లంబులతో అడవికి వెళ్లడము, ఆడవారు రోడ్డుకు అడ్డముగా నిలిచి వాహనముల వారిని పండుగ డబ్బులు అడగడము పూర్వమునుండి ఉన్నది.

అటువంటి ఒక వేసవిలో మేము సంఘ యౌవనస్థులతో కలిసి తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం మీదుగా బుట్టాయగూడెం చేరి, అక్కడనుండి కొండ గూడెములకు కాలినడకన వెళ్లాము. ఒక్కొక్కరికి ఒక సంచి, పలుచని దుప్పటి, నీళ్ల సీసా, అటుకులు, టార్చిలైటు. అంతకు మించి బరువు లేదు.

మన చెరువు గట్టుమీద నడిచే మనిషి చాలా దూరమునుండి కనిపిస్తాడు. అడవిలో అట్లా కాదు. వెదురు పొద అవతల పది అడుగులు వేస్తే ముందువాడు కనిపించడు. దాగవలెనని లేకపోయినా దాగిపోతాము. ఆకులు కదిలిన చోటును చూచి మనిషో మృగమో తేల్చుకొనక ముందే దెబ్బ వేసే వేటగాడు ఉంటే, అపాయము అక్కడే ఉన్నది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించింది. అయినా నాటు తుపాకులతో దొంగచాటుగా వేటాడేవారు ఉన్నారు. దొంగ వేటకు హెచ్చరిక బోర్డు ఉండదు. కనుక కనిపించే బాధ్యత నడిచేవారిదే.

అమెరికాలో వేటకు అనుమతించిన కాలములు ఉన్నాయి. అక్కడ అనేక రాష్ట్రములలో వేటగాండ్లే మెరిసే నారింజ రంగు ధరించవలెను. పెన్సిల్వేనియాలో తుపాకితో జింకల వేటకు వెళ్లేవారు తల, రొమ్ము, వీపుమీద కలిపి 250 చదరపు అంగుళముల మేర ఆ రంగు చూపవలెను. అంటే పదహారు అంగుళముల చదరపు గుడ్డ అంత. జింక కంటికి ఆ రంగు ఆకుల నడుమ ప్రత్యేకముగా కనిపించదు. మనిషి కంటికి మాత్రము వెంటనే తగులుతుంది.

రోడ్డు పనివారు వేసుకొనే నారింజ జాకెట్టు మనకు చాలును. దాని బరువు ఒక చొక్కా అంత కూడా ఉండదు. కాని వీపు సంచి దానిని కప్పివేస్తుంది. అందుచేత సంచిమీద కూడా అదే రంగు గుడ్డ కట్టవలెను. ఎరుపు చాలదు, సంజవేళ అది నల్లబడుతుంది. నల్ల గొడుగు, గోధుమరంగు దుప్పటి కప్పుకొని వంగి నడిచేవాడు దూరమునుండి అడవిపందివలె తోచవచ్చును. తెల్లని తువాలు కూడా మేలు కాదు, దుప్పి తోక అడుగు తెలుపే గదా! మాట్లాడుకొంటూ, పాడుకొంటూ నడవండి. తెల్లవారిన తరువాత బయలుదేరి పొద్దుగూకక ముందే గూడెము చేరండి.

అయితే రంగు కాపాడలేని అపాయము ఒకటున్నది. అడవిపందుల కొరకు పొలముల అంచున కరెంటు తీగలు పరచేవారున్నారు. తీగకు కన్నులు లేవు. మనము ఏ రంగు వేసుకొన్నా దానికి ఒకటే. తెలుగు రాష్ట్రములలో ఈ తీగలు తగిలి రైతులు, కూలీలు, పశువులు చనిపోయిన సంగతి పత్రికలలో ఎన్నోసార్లు చదివాము. చీకటిలో చేలకు అడ్డముపడి నడవవద్దు. ఎవరైనా తీగకు చిక్కితే ముట్టుకోవద్దు. ముందు కరెంటు ఆపించండి. 1912 నంబరుకు ఫోను చేయండి.

గూడెము పెద్ద మాకు చెప్పిన మాట అన్నిటికంటె ఉపయోగపడింది. అడవిలోనికి వెళ్లేముందు ఊరిలో చెప్పి వెళ్లండి, ఊరి మనిషిని ఒకరిని వెంట తీసుకొనండి అన్నాడాయన. తీగలు ఎక్కడున్నవో, ఏ దారిన వేటకు వెళ్లారో ఊరివారికే తెలుసు. అభయారణ్యమైతే అటవీశాఖ అనుమతి కూడా తీసుకొనవలెను. మన పిల్లలు ఈ వేసవిలో కొండలకు వెళ్తామంటే వద్దనకండి. సంచిలో ఆ నారింజ గుడ్డ పెట్టి, ఎవరితో చెప్పి వెళ్తున్నారో అడిగి పంపండి.