హవాయిలో చిరుతిళ్లు: నోటికి నచ్చేవీ, వంటికి పడేవీ

అమెరికాలో వున్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల్ని ఆ పిల్లలు హవాయి దీవులకి కూడా తిప్పి తీసుకొస్తున్నారు. "డాక్టరుగారూ! నాకు షుగరుంది, మా ఆయనకి బి.పి. వుంది. అక్కడ ఏం తినాలి, ఏం తినకూడదు?" అని మీలో కొందరు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. పెద్ద హోటళ్లలో దొరికే తిండి ప్రపంచమంతా ఒకటే కాబట్టి దాని గురించి చెప్పేదేమీ లేదు. అక్కడి జనం పని ముగించుకుని వచ్చి, ఆకలి తీరా, మనసు తీరా తినే తిండి వేరే వుంది. దాని సంగతి తెలుసుకుని వెళ్లండి.

హోనలూలూలో వైకీకీ బీచి చివర జంతు ప్రదర్శనశాల వుంది. దాని పక్కనుంచి కపహూలూ అవెన్యూ అనే రోడ్డు లోపలికి వెళుతుంది. అద్దాల మేడలు చూసి చూసి విసుగొస్తే ఈ రోడ్డున పడండి. 1961లో పెట్టిన రెయిన్‌బో డ్రైవ్-ఇన్ ఇక్కడే వుంది. కిటికీ దగ్గర నిలబడి "ప్లేట్ లంచ్" అని అడుగుతారు. ఐస్‌క్రీము తీసే గరిటెతో రెండు ముద్దలు అన్నం, ఒక ముద్ద మయొనీజు కలిపిన మాకరోనీ, వాటి పక్కన మాంసమో, కోడో, చేపో, పైన చిక్కటి గ్రేవీ. కూర మాట అడక్కండి. ఆకుపచ్చ రంగు కోసం వెతుక్కోవలసిందే.

ఇంత బరువైన పళ్లెం ఎలా పుట్టింది? చెరకు తోటల్లో పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి తోటపనికి చైనావాళ్లని, ఆ తరవాత జపాన్‌వాళ్లని, పోర్చుగీసువాళ్లని, కొరియా, ఫిలిప్పీన్స్ వాళ్లని ఓడల్లో తెచ్చారు. వాళ్లు అన్నమూ కూరా పెట్టుకున్న డబ్బాని కౌకౌ టిన్ అనేవారు. అచ్చం మన టిఫిన్ క్యారియరే. మధ్యాహ్నం తోటలో కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరు పంచుకుని తినేవారు. తెల్లవారినప్పటినుంచి ఎండలో చెరకు నరికేవాడికి రెండు ముద్దల అన్నం ఎక్కువ కాదు. చెమట పోసేవాడికి ఉప్పు కూడా కావాలి. హవాయిలో ఆఖరి చెరకు మిల్లు మావీ దీవిలో 2016 డిసెంబరులో మూతపడింది. తోటపని పోయింది గానీ ఆ పళ్లెం మాత్రం అలాగే వుంది. ఇప్పుడు దాన్ని తినేది కారులో వచ్చి కారులో వెళ్లేవాళ్లు. చిక్కంతా అక్కడే వుంది.

లోకో మోకో సంగతి కూడా చెప్పాలి. 1949లో హీలో పట్టణంలో లింకన్ గ్రిల్ అనే చోట కుర్రాళ్ల ఆకలి తీర్చడానికి పుట్టిందంటారు. అన్నం మీద గొడ్డుమాంసపు బిళ్ల, దానిమీద వేయించిన గుడ్డు, ఆ పైన గ్రేవీ. రుచికి వంక పెట్టలేం. ఆటలాడి వచ్చిన పదిహేడేళ్లవాడికి ఫరవాలేదు. యాభై దాటి, గుండెకి మందులు వాడుతూ, గది నుంచి బీచికి కూడా కారెక్కి వెళ్లేవాళ్లకి నేను సలహా ఇవ్వను.

స్పామ్ ముసుబి ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. డబ్బాలో వచ్చే స్పామ్ అనే పందిమాంసాన్ని ముక్కగా కోసి వేయించి, అన్నపు ముద్ద మీద పెట్టి, సముద్రపు నాచు పట్టీ చుడతారు. చేతిలో పట్టుకుని నడుస్తూ తినొచ్చు. మామూలు రకం స్పామ్ 56 గ్రాముల్లో 790 మిల్లీగ్రాముల సోడియం వుంటుంది. అంటే సుమారు రెండు గ్రాముల ఉప్పన్నమాట. రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు వున్నవారు ఒక్కటి నలుగురూ పంచుకుని రుచి చూడండి, చాలు.

ఇక సాయంత్రం. అక్కడి భాషలో "పౌ హానా" అంటే పని అయిపోయిందని. ఆ వేళకి జనం బార్లకి చేరి గ్లాసు పక్కన "పూపూ"లు తెప్పించుకుంటారు. పూపూ అంటే చిరుతిండి. ఆ మాటకి గవ్వ, నత్తగుల్ల అని కూడా అర్థం వుంది. వెల్లుల్లి పట్టించి వేయించిన కోడిముక్కలు, ఎండబెట్టిన గొడ్డుమాంసంతో చేసే పిపికౌలా, పచ్చి చేపతో చేసే పోకే, ఉప్పునీళ్లలో అనాసపువ్వు వేసి ఉడికించిన వేరుశనక్కాయలు... చివరిది విని నవ్వకండి! మన సంతలో అమ్మే ఉడకబెట్టిన కాయలే. అన్నింటిలోకీ నేను మొదటి మార్కు దానికే వేస్తాను. కాయ వొలుచుకోవాలి కాబట్టి చెయ్యి నెమ్మదిస్తుంది. మాంసకృత్తులు వున్నాయి, పీచు వుంది. ఉప్పొక్కటే చూసుకోవాలి. ఉప్పు తిన్నకొద్దీ దాహం, దాహంకొద్దీ ఇంకో గ్లాసు! బారువాడికి తెలిసిన శరీరశాస్త్రం ఇదే.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపున మద్యం అసలు ముట్టకూడదు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు వచ్చే చెమట, తడబాటు చూసి తాగుడు మత్తనుకుని పక్కవాళ్లు వదిలేస్తారు. ప్రాణాలమీదికి వచ్చేది అలాగే.

పోకే గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆహి అనే ట్యూనా చేపని ముక్కలు కోసి, సముద్రపు ఉప్పు, నాచు, వేయించి నూరిన కుకుయి గింజలు కలుపుతారు. కపహూలూ రోడ్డులోనే ఓనో సీఫుడ్ అనే చిన్న కొట్టు దీనికి పేరుపడింది. ఓనో అంటే రుచైనదని. చల్లగా, తాజాగా వున్నంతవరకూ మంచి తిండే. నూనె లేదు, వేపుడు లేదు. కానీ ఈ చేప ఎండలో వుంటే అందులో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. వండినా ఆ విషం పోదు. అంచేత పొట్లం కట్టించుకుని బీచిలో రెండు గంటలు తిరిగి తినే పని పెట్టుకోవద్దు. గర్భిణులు, బాగా వయసు మళ్లినవారు, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడేవారు పచ్చి చేప జోలికి పోవద్దు. 2016లో దిగుమతి చేసిన గుల్లచేపల మాంసాన్ని పచ్చిగా వడ్డించినందువల్ల హవాయిలో 292 మందికి కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ సోకింది.

ఇంతకీ ఆ దీవుల అసలు తిండి ఏది? ఓడల్లో కూలీలు రాకముందు అక్కడివాళ్లు తిన్నది చామదుంప! దాన్ని ఉడికించి, దంచి, నీళ్లు కలిపి చేసే జావలాంటిదాన్ని పోయ్ అంటారు (మన "వెళ్లిపోయి"కి దీనికి సంబంధం లేదు). చామాకుల్లో పందిమాంసమో, చేపో చుట్టి గంటల తరబడి ఆవిరిమీద ఉడికిస్తే లౌలౌ. అంతసేపు ఎందుకంటే, చామ పచ్చిగా వుంటే గొంతు దురదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఓవాహు దీవి పడమటి తీరాన వయానే అనే వూరుంది. అక్కడ డాక్టర్ టెర్రీ షింటానీ, తోటి వైద్యులూ కలిసి ఇరవైమంది స్థానిక హవాయి జాతివారికి మూడువారాలపాటు పాతకాలపు తిండే పెట్టారు. చామ, చిలగడదుంప, సీమపనస, ఆకుకూరలు కడుపునిండా తినమన్నారు. చేప, కోడి మాత్రం కొలతగా పెట్టారు. 1991లో ఫలితాలు ప్రచురించారు. సగటున 7.8 కిలోల బరువు తగ్గారు. కొలెస్టరాల్ నూటికి 14 వంతులు తగ్గింది, రక్తంలో చక్కెర కూడా దిగింది. కొద్దిమంది మీద, కొద్దిరోజులు చేసిన పరీక్ష. దానితోనే జబ్బు కుదిరిపోతుందని నేననను. కానీ ఆకలితో మాడకుండా తగ్గారన్నది గమనించండి. స్థానికుల్లో మధుమేహం, గుండెజబ్బు బాగా ఎక్కువగా వున్న చోట ఇది చిన్న సంగతి కాదు.

కాబట్టి హోనలూలూ వెళితే ఒక్కపూటైనా 1946నుంచి నడుస్తున్న హెలీనాస్‌లాంటి పాత హవాయి తిండి పెట్టే చోటికి వెళ్లండి. ప్లేట్ లంచ్ తినాలనిపిస్తే తినండి, కాదనను. చాలాచోట్ల "మినీ" పళ్లెం దొరుకుతుంది. ఒక ముద్దే అన్నం వెయ్యమనండి, గ్రేవీ విడిగా ఇమ్మనండి, మాకరోనీ బదులు పచ్చికూరల సలాడ్ వుందేమో అడగండి. ఆ రోజు రాత్రి భోజనం తేలిగ్గా కానివ్వండి.

శాకాహారులకి ఇక్కడ కొంచెం కష్టమే. సైమిన్ అనే సేమ్యాలాంటి సూపులో పైకి ఏమీ కనిపించకపోయినా ఆ రసం రొయ్యలతోనో, చేపతోనో కాచింది. మాకరోనీలో వేసే మయొనీజు గుడ్డుతో చేస్తారు. లెనార్డ్స్ బేకరీ వారి మలసాడా అనే పంచదార అద్దిన బూరెలోనూ గుడ్డుంటుంది. షుగరున్నవారు ఎలాగూ దానికి దూరం. మీకు మిగిలేవి వేరుశనక్కాయలు, చిలగడదుంప, కొబ్బరిపాలు గట్టిపరచి చేసే హవుపియా, పోయ్. హవుపియాలో పంచదార వుంటుంది, ఒక ముక్కతో ఆపండి.

పోయ్ మొదటిరోజు చప్పగా, కాస్త తియ్యగా వుంటుంది. రెండోరోజుకి పులుపెక్కుతుంది, మూడోరోజుకి బాగా పుల్లబడుతుంది. కొత్తవాళ్లు మొదటి చెంచాకే మొహం చిట్లిస్తారు. పుల్లమజ్జిగ అలవాటున్న మనకి రెండోరోజుది నచ్చవచ్చు. తెప్పించుకునేముందు ఎన్నోరోజుదో అడగండి.