లెక్క చూపని ఆట

మూఢనమ్మకాలు చదువు లేకపోవటం వల్లే పుడతాయని మనలో చాలామంది అభిప్రాయం. లెక్క కనబడని చోట కూడా పుడతాయని నా అభిప్రాయం. ముప్ఫై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి ఇలా తోస్తోందేమో. ఉదాహరణకి మన పిల్లలాడే వీడియో గేములు తీసుకుందాం.

ఇంటరు చదివే మా మనవడు ఫోనులో ఒక ఫుట్‌బాల్ ఆట ఆడతాడు. వరసగా మూడుసార్లు గెలిస్తే నాలుగోది ఆడడు. "నాలుగోది వాళ్ళే ఓడిస్తారు తాతయ్యా" అంటాడు. కొత్త ఆటగాళ్ళ ప్యాకును రాత్రి పన్నెండు దాటాకే తెరుస్తాడు. అప్పుడైతే మంచివాళ్ళొస్తారట. మా ఇంట్లో రాహుకాలం ఎవరూ చూడరు. వీడికి మాత్రం ఫోనులోంచి వచ్చింది.

వాణ్ణి చూసి నవ్వి ఊరుకోవచ్చు. కానీ వాడి అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 2017 అక్టోబరులో యాక్టివిజన్ కంపెనీకి అమెరికాలో ఒక పేటెంటు వచ్చింది. కొత్త ఆటగాడికి, డబ్బిచ్చి మంచి ఆయుధం కొన్నవాణ్ణి జతచేస్తే వీడికీ కొనాలనిపిస్తుందన్నది అందులోని ఒక ఆలోచన. దాన్ని ఏ ఆటలోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. పేటెంటు ఉన్నంతమాత్రాన వాడారనటానికి ఆధారం కాదు, నిజమే. అయితే వాడలేదనటానికి మాత్రం మన దగ్గరున్న ఆధారం ఏమిటి? వాళ్ళ మాటే కదా!

అదే ఏడాది నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 వచ్చింది. అరవై డాలర్లు పెట్టి కొన్న ఆటలో డార్త్ వేడర్ పాత్ర కావాలంటే మళ్ళీ 60,000 క్రెడిట్లు కూడబెట్టాలి. అందుకు 40 గంటలు ఆడాలని ఒక ఆటగాడు లెక్కగట్టాడు. సాధించామన్న గర్వం కలగాలనే అలా పెట్టామని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ జవాబిచ్చింది. ఆ జవాబుకి రెడిట్‌లో ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. కంపెనీ ధర 75 శాతం తగ్గించింది, విడుదల ముందురోజు డబ్బుతో కొనుక్కునే ఏర్పాటు ఆపేసింది. ఇలాంటి అదృష్టపు పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది.

పెట్టెలో ఏది ఎంత శాతం వస్తుందో చెప్పాలని 2017లోనే చైనా ప్రభుత్వం, ఆపిల్ కంపెనీ నిబంధన అమల్లోకి తెచ్చాయి. మంచిదే, కానీ చాలదు. 1 శాతం అని రాసిన బహుమతి, వంద పెట్టెలు తెరిచినా రాకపోయే అవకాశం దాదాపు 37 శాతం. కాబట్టి రానివాడు మోసమనుకుంటాడు, వచ్చినవాడు ముహూర్తమనుకుంటాడు. ఇంట్లో కూర్చుని ఇద్దరూ తేల్చుకోలేరు. ఇక ఎదుటి ఆటగాణ్ణి ఎలా ఎంచారో ఆ శాతాల్లో ఉండనే ఉండదు.

దీని పక్కన చదరంగం పెట్టి చూడండి. ఆర్పాడ్ ఈలో తయారుచేసిన రేటింగు పద్ధతిని ఫిడే 1970లో తీసుకుంది. రేటింగులో 200 పాయింట్లు ఎక్కువున్నవాడు వంద ఆటల్లో సుమారు 76 పాయింట్లు తేవాలి. సూత్రం అందరికీ తెలుసు, కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. ఓడినవాడి చేతిలో ఎత్తుల కాగితం ఉంటుంది. ఏ ఎత్తులో పోయిందో రాత్రి కూర్చుని చూసుకుంటాడు, పొద్దున్నే సాధన మొదలుపెడతాడు.

మా వాడు సాధన మానేశాడు. ఎంత నేర్చినా ఓడించేది ఎదుటివాడు కాదు, కంపెనీ అని నమ్మితే ఎవరు మాత్రం సాధన చేస్తారు? పిల్లల్లో పోటీతత్వం తగ్గిందని పెద్దలు తిట్టేముందు ఇది ఆలోచించాలి.

నిషేధిస్తే సరిపోతుందని మిత్రులు కొందరంటారు. నేనడిగేది అది కాదు. ఖర్చు సరైనదని రుజువు చెయ్యవలసినవాడు ఖర్చు పెట్టినవాడు. వోచరు చూపించకపోతే ఆడిటరు అభ్యంతరం రాస్తాడు, దొంగ అని మాత్రం రాయడు. ఆటల కంపెనీల విషయంలోనూ అంతే. ప్రత్యర్థిని ఎంచే పద్ధతి, పెట్టెల లెక్క ఏడాదికోసారి బయటి తనిఖీదారుకి చూపించాలి, అతని నివేదిక ఆటగాళ్ళకి అందాలి. ఆధారం చూపించమని జ్యోతిష్కుల్ని అడిగే మనం, ఈ కంపెనీలనీ అడగాలి.